అరిచే ప్రాణి ఏదైనా సరే

కోడి మీద యుద్ధం చేసి గెలిచినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి. గెలిచాను. ఆ గెలుపు పుణ్యమా అని వీధి వీధంతటి ముందు నాకు జరిగిన అవమానం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. తప్పు నాది కాదు, కోడిది. సరే, సగం నాది.

అప్పటికింకా చేతికో సెల్‌ఫోను రాలేదు. తిరుపతిలో ఒక పత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. రాత్రంతా అచ్చుతప్పులు ఏరి, తెల్లవారుజామున ఇల్లు చేరి నడుం వాల్చేవాణ్ణి. వాల్చానో లేదో, పక్కింటి మునెమ్మత్త పెంచే కోడిపుంజు మా గోడెక్కేది. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ మీకు తెలుసు కదా. ఈ పుంజుకు ఆ ముసలమ్మ కంటే పొగరెక్కువ. దీనికి ఒక్కసారి తెల్లవారితే చాలదు. ఆరింటికోసారి, ఎనిమిదింటికోసారి, నాకు కాస్త కునుకు పట్టినప్పుడల్లా ఒకసారి తెల్లవారాలి.

నిద్రలేని కళ్ళతో దిద్దితే ఏమవుతుంది? ఊళ్ళో ఒక పెద్దమనిషి 'కొడుక్కి పెళ్ళి' అన్న వార్త 'కోడికి పెళ్ళి' అని అచ్చయింది. ఎడిటరుగారు పిలిచి, "ఇంకొక్క తప్పు పోయిందంటే ఇంటికి పొయ్యి ఆ కోడితోనే కాపురం చేసుకో" అన్నారు. నవ్వకండి. ఉద్యోగం ఊడే మాట అది.

నేరుగా మునెమ్మత్త దగ్గరికి పోయాను.

"అత్తా, దాని నోరు మూయించు."

"నోరుండేది కుయ్యడానికే గదా నాయనా. నీ నోరు నేనెప్పుడన్నా మూసినానా?"

ఇదండీ సమాధానం! ఇక వీధి సంఘమే దిక్కనుకున్నాను. దానికి పెద్ద రెడ్డెప్ప సారు, రిటైరైన హెడ్మాస్టరు. నా గోడంతా విని ఆయన, "కోడిని పెంచగూడదని ఒక మాట అనుకుంటే సరిపోతాది లేప్పా" అన్నారు.

సరిపోతుందా? ప్రూఫు దిద్దేవాడి దగ్గరా ఈ మాట?

"కోడి అని రాస్తే రేపు బాతును తెస్తారు సార్. బాతు అని రాస్తే గాడిదను తోలుకొస్తారు. 'ఇండ్ల మధ్య అరిచే ప్రాణి ఏదైనా సరే, మర్నాటికల్లా వీధి దాటాలి' అని రాయండి."

"ఏదైనా సరేనా? బాగా ఆలోచించినావా?"

"ఏదైనా సరే!" అని అరిచి, సున్నా, దీర్ఘం పోకుండా దగ్గరుండి రాయించాను.

మునెమ్మత్త మర్నాడే పుంజును చంకలో పెట్టుకుని ఐరాలలో కూతురింటికి బస్సెక్కి, దాన్ని అక్కడే వదిలి వచ్చింది. ఆ వారం నేను పోయిన నిద్ర కుంభకర్ణుడు కూడా పోయి ఉండడు. అచ్చుతప్పులు లేవు, తలనొప్పి లేదు, వీధిలో ఛాతీ విరుచుకుని నడిచాను.

తరవాత ఒకరోజు, బంగారుపాళ్యం దగ్గరి మా ఊరికి పోయిన అమ్మ తిరిగొచ్చి, ఇంటి ముందు ఆటో దిగింది. వెనకాలే ఒక పొట్టేలు దిగింది.

"ఏందిమా ఇది?"

"కండ్లు కనపళ్ళేదా? పొట్టేలు. ఆ కోడి పీడ పోతే గంగమ్మకు పొట్టేల్నిస్తానని మొక్కుకున్నా."

"జాతర ఇంకా రెండు నెలలుండాది గదమ్మా! అప్పుడు సంతలో కొందాం."

"సంతలో కొని అట్నే ఇచ్చేదానికి అదేమన్నా సొరకాయా? ఇంట్లో మేపి ఇయ్యల్ల. నీ కోసరమే గదరా మొక్కింది!"

"నిన్నెవురు మొక్కమన్నారు? కోడి పోయింది నా మాటకు!"

"నీ మాటకా? నీ మాట మనింటి పిల్లి కూడా ఇనదు. గంగమ్మ తరిమింది దాన్ని" అని అమ్మ లెంపలేసుకుంది.

మందలోంచి విడదీసిన పొట్టేలు ఒంటరిగా ఊరుకుంటుందా? కోడైతే కూతకూ కూతకూ నడుమ కాస్త ఊపిరి పీల్చుకునేది. ఇది ఊపిరి కూడా 'బ్యా' అనే పీల్చేది. ఆకు పెడితే నములుతూ అరిచింది. ఇంట్లో కట్టేసి రేడియో పెడితే దానితో పోటీపడి అరిచింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. నన్ను తోసింది మాత్రం కన్నతల్లి.

మర్నాడు మా గుమ్మం ముందు వీధంతా చేరింది. రెడ్డెప్ప సారు గొంతు సవరించుకున్నారు.

"రూలు తెలుసు గదప్పా?"

"ఇది మొక్కు పొట్టేలు సార్! దీనికి రూలేంది?"

"'ఏదైనా సరే' అని నువ్వే గదా రాయించింది? సున్నా, దీర్ఘం అన్నీ సక్కంగా ఉండాయి."

నాకు కోపం నషాళానికంటింది. అరుగెక్కాను. ఈ వీధిలో కుక్కలు లేవా, హారన్లు లేవా, పెళ్ళిళ్ళకు మైకులు లేవా, నా పొట్టేలే లోకువైందా అని నరాలు తెగేలా అరిచాను. నా అరుపుకు పొట్టేలే బెదిరి, నోరు మూసుకుని నన్నే చూస్తోంది. అప్పుడు మునెమ్మత్త ముందుకొచ్చింది.

"సారూ, సూడండి. పొట్టేలు గమ్మునుండాది. ఇప్పుడు అరస్తా ఉండే ప్రాణి యాది? రేపటికల్లా వీధి దాటాల్సింది ఎవురు?"

వీధి విరగబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అమ్మ.

ఆ పూటే రూలు కొట్టేశారు. పొట్టేలు ఉండొచ్చు, నేనూ ఉండొచ్చు. ఒకటే షరతు, మునెమ్మత్తది: "తరిమినోడే పొయ్యి నా కోడిని తేవల్ల." తెచ్చాను. ఐరాల నుంచి తిరుపతి దాకా ఒళ్ళో కూర్చుని, బస్సు ఆగిన ప్రతిచోటా కూసింది.

"అరిచేదానికి టిక్కెట్టు గొట్టల్లప్పా" అన్నాడు కండక్టరు.

"ఎవరికి?" అని అరిచాను.

"అయితే ఇద్దరికీ" అన్నాడు.

ఈ కథ ప్రెస్సులో తెలిసి ఎడిటరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ముందే అడగకూడదా?" అంటూ నన్ను ఆదివారం పేజీలకు మార్చి పగటి డ్యూటీ వేశారు. చూశారా! ఒక్క మాట అడిగితే తీరేదానికి కోడినీ, పొట్టేలునూ, నా పరువునూ బస్సులెక్కించాను.

ఆ శుభవార్త చెబితే అమ్మ కళ్ళు మెరిశాయి. "దానికీ మొక్కుకొనుండానురా. రేపే ఇంకొక పొట్టేల్ని తెస్తా" అంది.

అందుకే ఈ జన్మలో మళ్ళీ ఏ ప్రాణి నోటికీ రూలు రాయనని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నాను గానీ, లోలోపలే. పైకి చెబితే, ఆ ఒట్టు నిలవాలని అమ్మ మొక్కుకుంటుంది.