గోడౌన్‌లో నా బీఈడీ

నేను మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఆ రోజుల్లో, మా ఇంట్లో విత్తనాలకున్న విచారణ చదువుకు ఉండేది కాదు. విత్తనాల పొట్లం కొంటే నాన్న బిల్లడిగి, ముద్ర చూసి, పంట చేతికొచ్చేదాకా ఖాళీ పొట్లం చూరులో దాచేవాడు. చెల్లిని టీచరమ్మను చేద్దామని బీఈడీ కాలేజీకి వెళ్లినవాడు మాత్రం గేటు చూసి వచ్చేశాడు. "అబ్బ, ఎంతెత్తు గేటనుకున్నావ్!" అని మూడు రోజులు అదే మాట. సోమవారం చేరాలని చెల్లి సర్టిఫికెట్లన్నీ సంచిలో సర్దుకుంది.

శనివారం మా మేస్త్రి ఆడకూలీలందర్నీ ఆటో ఎక్కించాడు. "ఇయ్యాళ కూర్చునే పనే. మంచి చీరలు కట్టుకు రండే!" అన్నాడు. ఆటో దర్శి రోడ్డులో ఆగింది. చూద్దును కదా, నాన్న చెప్పిన ఎత్తు గేటు, పైన ఆ బీఈడీ కాలేజీ బోర్డు! లోపలున్నది మిరపకాయల గోడౌనే. బస్తాలు వెనక్కి నెట్టి బల్లలు వేశారు. ప్రిన్సిపాల్ గారు తలా ఒక పుస్తకమిచ్చి, "తనిఖీకొస్తున్నారు, స్టూడెంట్లలా కూర్చోండి" అన్నారు. "గుర్తింపు లేకపోతే మీరిచ్చే డిగ్రీ చెల్లదంటగా సార్?" అన్నాడు మేస్త్రి మెల్లిగా. "వీళ్లు కుదురుగా కూర్చుంటే అదే వస్తుందిలేవయ్యా!" చెల్లి చేరబోయేది ఇందులోనా?

తనిఖీకొచ్చిన పెద్దాయన ఘాటుకు వరసగా ఏడు తుమ్ములు తుమ్మారు. మాలో ఒక్కరూ తుమ్మలేదు (అక్కడే ఆయనకు అనుమానం రావాల్సింది). కళ్లు తుడుచుకుంటూ నన్నే లేపారు. "మీరు చెప్పండమ్మా, వెనకబడ్డ పిల్లల్ని ఎలా గుర్తిస్తారు?"

"తాలుకాయను ఏరినట్టేనండీ. కాకపోతే కాయను పక్కన పడేస్తాం, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంటాం."

"ఎన్నో కాలేజీలు తిరిగాను, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు!" అన్నారాయన. (ఐదో తరగతితో ఆపేసినదాన్ని, నా నోటితోనే ఈ కాలేజీకి గుర్తింపు తెప్పించేట్టున్నాను!) ఇంతలో వెనక బల్లలో మా పెద్దమ్మ చేతులు ఊరుకోలేక, బస్తాలోంచి కాయలు లాగి తొడిమలు తీస్తోంది. ఒళ్లో చిన్న కుప్ప కూడా అయింది. "ఇదేమిటి?" అన్నారు పెద్దాయన. "ప్రాక్టికల్సండీ!" అన్నారు ప్రిన్సిపాల్.

ఇక ఆగలేకపోయాను. "మేం కూలోళ్లమండీ. మా చెల్లి మాత్రం సోమవారం నిజంగానే చేరాలి. చేర్చమంటారా?"

ఆయన ఫైలు మూసేశారు. "ఆ సర్టిఫికెట్లు ఇల్లు దాటనివ్వకండి. గుర్తింపు కాగితం చూశాకే ఎక్కడైనా చేర్చండి. మీరు కూర్చోండమ్మా."

చేరడం ఆగిపోయిందని చెల్లి నెల రోజులు నాతో మాట్లాడలేదు. మరుసటేడు చీరాలలో గుర్తింపున్న కాలేజీలో చేరి, ఇప్పుడు నిజం టీచరమ్మ అయింది. నేనెవరో తెలిశాక కూడా ఆ తనిఖీ పెద్దాయన నన్ను "కూర్చోండి" అన్నారు. నేనేమో భయపడి ఒక్క పరుగున వెళ్లి ఆటో ఎక్కాను. పిచ్చిదాన్ని, ఆ బల్ల మీద ఇంకాసేపు కూర్చోవాల్సింది.