వదిన చేసిన ప్రమాణం

నిన్న కిరాణా కొట్టతను సరుకులతో పాటు ఒక కర్పూరం పొట్లం కూడా సంచిలో వేశాడు. శ్రావణం దగ్గరికొచ్చింది కదా, కావలసి ఉంటుందనుకున్నాడు. వెనక్కి ఇచ్చేశాను. కొట్టు దగ్గరున్నవాళ్లు నవ్వుకున్నారు. టీ పొడిని రెండోసారి కూడా మరగబెట్టే మనిషినని ఈ ఎమ్మిగనూరులో నాకు పేరుంది. ఆ పేరు అబద్ధం కాదు. కానీ కర్పూరం తిరిగిచ్చింది పొదుపు కోసం కాదు. పోయిన శ్రావణంలో నేను చేసిన పని చెబితే గానీ అది అర్థం కాదు. చెప్పడానికి ఇన్నాళ్లూ నాకు ముఖం చెల్లలేదు.

మా వదిన అంటే మా ఆయన అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా ఇంట్లో మగ్గం ఆడినన్నాళ్లూ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తది బిగువు చెయ్యి, నాదేమో పెద్ద ఆకలి. నేను తిని చెయ్యి కడుక్కున్నాక కూడా వదిన వాళ్లమ్మతో, "ఆ పిల్ల ఇంకా తినల్యామ్మా" అని కళ్లార్పకుండా చెప్పి ఇంకో జొన్నరొట్టె ఇప్పించేది. అత్త చెయ్యి బిగువు మాత్రం చివరికి నాకే వచ్చింది. ఆమె పోయింది, మా ఆయన పోయాడు, మగ్గం అమ్మేశాం. వదినా, నేనూ, ఆదోనిలో పత్తిమిల్లుకు రోజూ బస్సులో పోయొచ్చే మా కొడుకూ మిగిలాం.

పోయినేడు ఎండాకాలంలో మొదలైంది. అన్నం తిన్న గంటకే వదిన ఎదురింటి అరుగెక్కి కూర్చుని, "పొద్దున్నుంచి మెతుకు పెట్టల్యా" అనేది. ఇంకెవరింట్లోనైనా ముసలామె చాదస్తం అనుకునేవాళ్లు. నా ఇల్లు కాబట్టి అందరూ నమ్మారు. ఎదురింటి సాయిబుల కోడలు గిన్నెలో పప్పన్నం తెచ్చి నా కళ్ల ముందే ఆమెకు పెట్టి, "ఏమనుకోవద్దు పెద్దమ్మా, ముసలి పానం గదా" అంది. ఆ మర్నాటి నుంచి రుజువు ఉండాలని వదిన తిన్న కంచం కడగడం మానేశాను. ఆకలి అనగానే ఎండిన కంచం తెచ్చి ముందర పెట్టి, "సూడు, ఇది నీ ఎంగిలి కాదా?" అనేదాన్ని. ఆమె వంగి చూసి, "ఎవురి ఎంగిలో తెచ్చి నాకు సూపిస్తావేమే. కడుక్కోరాదా, ఈగలు ముసురుతాండాయి" అనేది. నన్ను ఎగతాళి చేస్తోందనుకున్నాను.

మాట తేలనప్పుడు మావాళ్లు దేవుని ఎదుట కర్పూరం ఆర్పిస్తారు. వెలుగుతున్న బిళ్లను అరచేత్తో ఆర్పి అబద్ధమాడితే దేవుడు ఊరుకోడని నమ్మకం. శ్రావణ సోమవారం వదినను ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయాను. సాక్ష్యానికి మా వీధి ఆడవాళ్లిద్దరిని వెంటబెట్టుకుని, వాళ్లకు టిఫిను కూడా పెట్టించాను. నేను ఒకరికి టిఫిను పెట్టించానంటే ఎంత కసి మీద ఉన్నానో చూడండి. దర్శనమయ్యాక గుడి బయట, జనం తొక్కిడికి దూరంగా, ఒక రాయి మీద బిళ్ల వెలిగించాను. "పొద్దున నేను పెట్టిన ఉగ్గాని తిన్నావా లేదా, ఈరన్న సాక్షిగా సెప్పు" అన్నాను. వదిన మంటను చూసింది, నన్ను చూసింది. "నాకేం పెట్టినావు? తినల్యా" అని అరచెయ్యి దాని మీద మోపింది. మంట ఆరిపోయేదాకా తియ్యలేదు. ఆడవాళ్లిద్దరూ నా వైపు చూసిన చూపుతో నేనే దొంగనైపోయాను. ఆమె చేతికి బొబ్బ లేచింది. దానికి ఇంత వెన్న రాయడం కూడా దండగ అనుకున్నాను. మూడోనాడు ఆమె చెయ్యి చాచి, "ఈ బొబ్బ ఏందే?" అని అడిగింది. "నీ అబద్ధం" అన్నాను. దసరా దాకా మాట్లాడకుండానే కంచం పెట్టాను.

దసరా అయ్యాక ఒకరోజు వదిన తప్పిపోయి బస్టాండులో దొరికింది. రాట్నం దగ్గరికి పోతున్నానని అక్కడివాళ్లకు చెప్పిందట. మా కొడుకు ఆదోనిలో డాక్టరుకు చూపించి, కర్నూలులో తలకు స్కానింగు తీయించాడు. జబ్బు పేరు అల్జీమర్స్ అన్నారు. నాది మూడో తరగతి చదువు, ఆ పేరు ఇప్పటికీ కాగితం చూసే రాస్తాను. డాక్టరు ముందర కూడా నేను నోరు మూసుకోలేదు. "దేవుని ముందరే అబద్ధం సెప్పిన మనిషి సార్ ఈమె" అన్నాను. ఆయన చదువుతున్న కాగితం పక్కన పెట్టి, "అబద్ధం కాదమ్మా. తిన్న సంగతి ఆమె తలలో నిలవదు. ఆమెకు తెలిసిందే చెప్పింది" అన్నాడు. ఆయన నన్ను తిడుతున్నాడనుకుందేమో, వదిన ముందుకు వంగి, "మా మరదలు మంచిదే సారూ. చెయ్యి రవ్వంత బిగువు, అంతే" అంది. డాక్టరు నవ్వాడు. మా కొడుకు మాత్రం ఇంటికొచ్చేదాకా నా ముఖం చూడలేదు.

ఇంటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయిపాయ వదినా" అన్నాను. నా జన్మలో ఎవరితోనూ అనని మాట. "దేనికే?" అంది. ఉరుకుంద, కర్పూరం, బొబ్బ, అన్నీ చెప్పాను. శ్రద్ధగా విని, "అట్ల సేసిందెవురే? పాపిష్టి ముండ" అంది. నేనని రెండోసారి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు ఒక పూట అన్నాన్ని రెండు వంతులు చేసి, అడిగినప్పుడు రెండోది పెడుతున్నాను. మొన్న మధ్యాహ్నం మొదటి వంతు తిని మళ్లీ అరుగెక్కింది. ఎదురింటి కోడలు గడపలోంచి, "పెద్దమ్మా, అవ్వకు ఇంకా పెట్టల్యాంటనే?" అని అడిగింది. పిచ్చిదంటారని మేము జబ్బు సంగతి వీధిలో ఇంకా చెప్పలేదు. ఆ ఒక్క మాట చెబితే నా పేరు కడుక్కోవచ్చు. వదిన నేనేమంటానోనని నా నోటివైపే చూస్తూ ఉంది. "లేదమ్మా, ఇంకా పెట్టల్యా. నాదే ఆలస్యం" అన్నాను. "సెప్పల్యా నేను" అని వదిన ఆ పిల్లతో గెలిచినట్టు అంది. నేను లోపలికి పోయి అన్నం కలుపుకొచ్చాను. గంట కిందట తిన్నది ఆమెకు మిగలడం లేదు. ఏడాది కిందట చేసింది నాకు తరగడం లేదు.