గాంధారం మీద ఆగే చెయ్యి

మా హార్మోనియం మాస్టారు పోయారు. కిందటి నెల ఒక సోమవారం పొద్దున టీ తాగి, బయటి గదిలో చాప పరుచుకుని, పిల్లలింకా రాకముందే కన్నుమూశారు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగిళ్ళ పిల్లలకు సరిగమలు నేర్పింది ఆయనే. ఆయన్ని తలుచుకోవలసినవాళ్ళు నాకంటే మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన వాయింపును చేజేతులా పోగొట్టినదాన్ని నేను.

మోహన రాగం వాయిస్తూ మాస్టారు గాంధారం మీద కాస్త ఆగేవారు. మేమూ ఆగేవాళ్ళం. రాగం మర్యాదే అంత అనుకున్నాం. టేప్‌రికార్డర్ పెడితే మాత్రం ఆయన హార్మోనియం ముట్టేవారు కాదు. "మళ్ళీ వింటే నా తప్పులే వినబడతాయే తల్లీ" అనేవారు.

నేను ఊళ్ళోని పండరీ బజారులో బట్టల కొట్ల పైనున్న ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తాను. హిందీ బళ్ళలో చదివే మన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాను. అక్షరం సరిగ్గా దిద్దితే సంగీతం రావాలి. ముందే వాయించి దాచినది పెట్టాలా, కంప్యూటరే అప్పటికప్పుడు అల్లుకునేది పెట్టాలా అన్నది ఎంతకీ తేల్చుకోలేకపోయాను. నా పోరు పడలేక మాస్టారు ఒకే ఒక్కసారి మైకు ముందు ఒక నిమిషం వాయించారు.

ఆ నిమిషం అక్షరాలన్నిటికంటే ఎక్కువ చోటు తినేసింది. ఫ్లాపీలో పట్టలేదు. పైగా పక్కింటి పిల్లలు నాలుగోసారికే "ఫిర్ వహీ?" అని, మళ్ళీ అదేనా అన్నట్టు మొహం తిప్పుకున్నారు. ఈ మాట మాస్టారికి బెదురుతూనే చెప్పాను. ఆయన నవ్వేశారు.

"పిల్లలు సహీ అన్నారు. ఎప్పుడూ ఒకేలా వాయిస్తే నాకే విసుగు. నీ మిషన్‌కి రాగం నడిచే దారి చెబుదాం. అదే నడుస్తాది."

రెండు ఆదివారాలు కూర్చుని, ఏ స్వరం తర్వాత ఏది రావచ్చో, ఎక్కడ నిలవాలో ఓపిగ్గా చెప్పారు. గాంధారం మీద ఆగడం మాత్రం ఆయన చెప్పకపోయినా నేనే కలిపాను. తీరా వినిపిస్తే మధ్యలో చెయ్యెత్తారు. "గాంధారం మీద ఆగుతోందేటి? నేనంటే జారిపోయే కళ్ళజోడు పైకి తోసుకోడానికి ఆగుతాను. నీ మిషన్‌కి కళ్ళజోడు లేదు కదే. అది హటాయించేయ్."

ఇన్నేళ్ళూ మేమంతా నేర్చుకున్నది ఆయన కళ్ళజోడునన్నమాట. సరేనన్నాను గానీ పూర్తిగా తీసేయడానికి మనసొప్పలేదు. ఆ ఆగడం ఎప్పుడో ఒకసారి వచ్చేలా ఉంచేశాను. తర్వాత డిస్కులో చోటు చాలక, ఇక అవసరం లేదుగా అని, ఆయన వాయించిన నిమిషాన్ని చెరిపేశాను. లోకంలో అది ఒక్కటే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

నెలమాసికం అయిన మర్నాడు మాస్టారి భార్య, మేం పిన్నిగారని పిలిచే ఆవిడ, సెంటర్ మెట్లెక్కి వచ్చారు.

"ఆయన వాయించింది నీ కంప్యూటర్లో ఉందట కదమ్మా. ఒక్కసారి వినిపించు."

చెరిపేశానని చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "పోనీ, ఆయన దానికి నేర్పిందేదో వినిపించు" అన్నారు.

అ దిద్దాను. మోహన మొదలైంది. పిన్నిగారి మొహంలో ఏ మార్పూ లేదు. ఉన్నట్టుండి సంగీతం గాంధారం మీద ఆగింది. ఆవిడ ముందుకు వంగారు.

"అదిగో, కళ్ళజోడు తోసుకుంటన్నారు."

అంతలోనే స్వరాలు ముందుకెళ్ళిపోయాయి. మళ్ళీ అదే పెట్టమన్నారు. అదే పెట్టడం నా చేతిలో లేదు. వాయించినదాన్ని గుర్తుంచుకోకుండా దాన్ని తయారుచేసింది నేనే. ప్రతిసారీ ఆగేలా మారుస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"అప్పుడది నువ్వు ఆపినట్టుంటాది. వద్దులే."

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వస్తున్నారు. మౌస్ పట్టుకుని అ దిద్దుతారు. సంగీతం ఎక్కడా ఆగకుండా సాగి అయిపోతుంది. తెర తుడిచి, మళ్ళీ అ దిద్దుతారు.