మా స్పానిష్ సారు రాయించిన ఒక పేరు

మా స్పానిష్ సారు పోయారని మొన్న పొద్దున కుప్పం నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. గుండెపోటట. యాభై కూడా నిండలేదు. కళ్లారా చూడకుండా ఎవరినీ పోయారని రాయకూడదని నాకు నేర్పిందే ఆయన. అందుకే ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

నేను పుంగనూరులో ఏడో తరగతి చదివేటప్పుడు మా ప్రైవేటు స్కూల్లో స్పానిష్ పెట్టారు. బెంగళూరు కాల్ సెంటర్లో ఆ భాష నేర్చుకున్న సారును తెచ్చారు. సోషల్ టీచర్ మానేసి మదనపల్లెకు వెళ్లిపోవడంతో సివిక్స్ కూడా ఆయన మీదే పడింది. సారు రెండూ కలిపేశారు. కుళాయి రాకపోతే మున్సిపాలిటీని ఏమని అడగాలో ముందు స్పానిష్‌లో చెప్పించేవారు, తర్వాత తెలుగులో అర్జీ రాయించేవారు. హాజరు పిలిచినప్పుడు తలెత్తి మొహం చూడందే టిక్కు పెట్టేవారు కాదు.

ఒకరోజు బోర్డు మీద 'ఎస్తా వివా' అని రాశారు. ఆమె బతికి ఉంది అని. దాని కింద 'ఎస్తా ముఎర్తా'. ఆమె చనిపోయి ఉంది అని. రెంటికీ ఒకటే క్రియ.

"సచ్చిపోయినోళ్లను కూడా ఉండారనే అంటారా సార్?" అంది నా పక్కన కూర్చునే షాహీన్.

"ఆ భాషలో అంతేనమ్మా. అందుకే రెండో మాట జాగ్రత్తగా రాయల్ల."

ఆ వారమే ఓటర్ల జాబితాలోంచి తీసేసిన పేర్లు మా వార్డులో అంటించారు. సారు వాటిని మాకు పంచి, ఇంటింటికీ వెళ్లి చూసి, ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి రాసుకు రమ్మన్నారు. మా ఇద్దరికీ ఒక అవ్వ పేరు వచ్చింది. ఎదురుగా 'మరణం' అని ఉంది.

అవ్వ ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. పట్టపగలే లోపల చీకటి. పేరు పైకి చదివాను.

"నేనే" అంది లోపలి నుంచి ఒక గొంతు.

ఇద్దరం పరుగో పరుగు.

సారు తిట్టలేదు. మమ్మల్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పింఛనూ ఆగిపోయిందట. "పేరు పెట్టి పిల్సి శానా నాళ్లయిందప్పా. పోయినానేమో, నాకే తెలీలేదేమో అనుకుంటాండాను" అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

సారు అవ్వను మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లారు, మేమూ వెళ్లాం. అక్కడి గుమాస్తా కంప్యూటర్లోంచి తలెత్తకుండానే "ఈమె లేదు సార్" అన్నాడు.

"దాన్ని కాదప్పా, ఈమెను సూడు. ఈడే ఉండాది" అన్నారు సారు.

ఎన్నిసార్లో తిరిగారు. 'ఈ అవ్వను మేం చూశాం' అని తరగతంతా సంతకాలు చేశాం. చివరికి పేరు ఎక్కింది. నేనిప్పుడు నిమ్మనపల్లె సచివాలయంలో పనిచేస్తున్నాను. స్పానిష్ దాదాపు మరిచిపోయాను. మనిషిని చూడకుండా సంతకం పెట్టడం మాత్రం ఇప్పటికీ చేతకాదు.

మొన్న ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి అప్పటి ఓట్ల రోజే గుర్తొస్తోంది. సారుతో పాటు మేమూ బూత్ బయట నిలబడ్డాం. తలుపులోంచి వరస కనిపిస్తోంది. లోపల అవ్వ పేరు పిలిచారు. ఆమె కదల్లేదు. ఇంకెవరో వస్తారన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. రెండోసారి పిలిచాక వేలు చాపింది.

బయటికి వచ్చి, సారు చెయ్యి పట్టుకుంది. చెప్పుల్లోంచి కూడా నేల కాలుతున్న ఎండ.

"నీ చెయ్యేందప్పా, ఇంత సల్లగా ఉండాది?"

మేం నవ్వాం. సారు నవ్వలేదు. ఆ చెయ్యి తనది కానట్టు దానివైపే చూస్తూ నిలబడ్డారు. అవ్వ దాన్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబడేదాకా వదలనన్నట్టు, రుద్దుతూనే ఉంది.