వసుంధర గారు ఆడిన గుహ

కొత్త చింతపండు వచ్చింది. వంటింట్లో మా ఆవిడ గింజలు తీసి స్టీలు పళ్ళెంలో వేస్తోంది. గింజ పడ్డప్పుడల్లా టంగుమని చిన్న చప్పుడు. వరండాలో పేపరు చదువుకుంటున్న నేను ఆ చప్పుడుకు చదవడం ఆపేశాను. శంషాబాద్‌లో ఒక టిఫిన్ సెంటరు పైగదిలో ఎన్నో మంగళవారాల మధ్యాహ్నాలు ఆ చప్పుడు విన్నాను. అక్కడ గింజ పళ్ళెంలో పడిందంటే మాలో ఒకరి ప్రాణాల్లో ఒకటి పోయినట్టు లెక్క.

ఆ పళ్ళెం వసుంధర గారిది. ఊరు కాకినాడ. విమానాశ్రయం తెరిచిన కొత్తలో సరుకు రవాణా విభాగానికి సూపర్‌వైజర్‌గా వచ్చారు. నేనప్పుడు ఒక దినపత్రికకు శంషాబాద్ విలేకరిని. పూల ఎగుమతి మీద వార్త రాయాలని ఆమె దగ్గరికి వెళ్తే, బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఒక వింత వస్తువు పెట్టి ఉంది. ఇరవై ముఖాల పాచిక. అదేమిటని అడిగాను. పూల సంగతి పావుగంటలో ముగిసింది. పాచిక సంగతి ఐదేళ్ళు నడిచింది.

ఆటను ఇలా వివరించారు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్ళు ఆ కథలో తిరిగే మనుషులు. 'మీ ముందు ఒక గుహ ఉంది' అని చెప్పేవాళ్ళు అంటారు. ఏం చేస్తారో ఆడేవాళ్ళు చెబుతారు. అది కుదురుతుందో లేదో తేలకపోతే పాచిక వేస్తారు. పాత ఆఫీసులో ఒక విదేశీ ఇంజనీరు దీని పుస్తకం ఆమెకిచ్చి, ఆడించకుండానే తన దేశం వెళ్ళిపోయాడట. ఆ లావుపాటి పుస్తకాన్ని ఆమె నాలుగు పేజీల తెలుగులోకి కుదించారు. దెబ్బల లెక్కకు మనిషికి పది చింతగింజలు. పదీ పళ్ళెంలో పడితే ఆ మనిషి కథ అయిపోయినట్టే.

మూడో మనిషి మల్లేశ్. వాళ్ళ పొలం విమానాశ్రయం కిందికి పోయాక క్యాబ్ నడిపేవాడు. ఆమెను ఇంటి దగ్గర దింపుతూ, ఆమె ఫోన్లో నాతో మాట్లాడుతున్న గుహ కథ విని బండి పక్కకు ఆపేశాడట. "అక్కా, మరి ఆ ముసలోడు బయటపడ్డడా లేదా? గది చెప్పినంకనే బండి కదుల్తది." తరువాతి మంగళవారం నుంచి అతనికీ పది గింజలు.

ఆమె కథ చెప్పే తీరులో ఒక చిత్రం ఉండేది. మా నెత్తి మీదుగా విమానాలు వెళ్ళేవి. ఆ మోతలో ఏమీ వినపడదు, మాట ఆపెయ్యాలి. సరిగ్గా ఆమె "తలుపు తెరిచారు, లోపల..." అన్నప్పుడే విమానం వచ్చేది. మేము ఊపిరి బిగబట్టి పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయేవాళ్ళం. ఎంత దరిద్రపు సమయంలో వస్తుందో అని నేను విమానాల్ని తిట్టుకునేవాణ్ణి. ఏడాది దాటాక గానీ నాకు వెలగలేదు. ఒకరోజు ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిగడియారం కేసి చూడటం పట్టుకున్నాను.

"మేడం, ఇది మీరు కావాలని చేస్తున్నారు."

"సరుకుల మనిషిని కదండీ. ఏ విమానం ఎప్పుడు లేస్తుందో చూసుకోవడమేగా నా ఉద్యోగం," అన్నారు ఏమాత్రం తడబడకుండా. "ఆ అరనిమిషంలో మీరు ఊహించుకున్నంత భయంకరంగా నేను చెప్పలేను. అందుకని మీకే వదిలేస్తాను."

పత్రికలో అన్నేళ్ళు పనిచేసినా, ఏం చెప్పాలన్నదే తప్ప ఎక్కడ ఆగాలన్నది నాకు ఎవరూ నేర్పలేదు. ఆ మాట చాలాకాలం నాతో తిరిగింది.

2013 వేసవిలో ఆమెకు చెన్నై బదిలీ అయింది. వారం రోజుల గడువు. ఆ కబురు చెప్పిన రోజే, గింజలు డబ్బాలో పోస్తూ మాటవరసకు అన్నట్టు అన్నారు: "ఇన్నేళ్ళూ వడ్డించడమే సరిపోయింది. విస్తరి ముందు కూర్చునే వంతు నాకు రానేలేదు." నవ్వుతూనే అన్నారు. కానీ మెట్లు దిగేటప్పుడు మల్లేశ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నా, అక్క ఒక్కపారి గూడ ఆడలే. మనం గింత సోయి లేకుంట ఉంటిమి."

మరునాడు ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. వచ్చే మంగళవారం గుహ నేను రాస్తాను, మీరు ఆడండి అని. "అయితే నాకూ పది గింజలిస్తారా?" అన్నారు. రాసింది చూపిస్తానంటే మాత్రం గట్టిగా వద్దన్నారు. "నేను ఆడేది నాకెలా చూపిస్తారండీ? ముందు మల్లేశ్ గారితో ఆడించి చూడండి. ఒక్క కాగితం, గుహలో అయిదు గదులు. ఆరో గది రాయాలనిపిస్తే అయిదింట్లో ఒకటి కొట్టెయ్యండి. మూడు గంటల్లో అయిపోవాలి. ఇంకోటి, గుహకి రెండు దారులుండాలి. ఒక్కటే దారి ఉంటే అది గుహ కాదు, టికెట్ల క్యూ."

ఆ రాత్రే కూర్చుని రాశాను. ఒక కొండ గుహలోంచి డప్పు చప్పుడు వస్తూ ఉంటుంది. మూడేళ్ళ క్రితం డప్పు వాయించే మనిషి ఒకడు లోపలికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ డప్పు ఎవరు కొడుతున్నారో కనుక్కోవాలి. నాకు బాగుందనిపించింది. మరునాడు మల్లేశ్‌ను ఖాళీ క్యాబ్‌లోనే కూర్చోబెట్టి ఆడించాను. గుహ ముఖద్వారం గురించి నేను చదివిన మొదటి పేరా వినగానే అతను పాచిక డాష్‌బోర్డు మీద పెట్టేశాడు.

"గిదేందన్నా? ఆ మనిషిని కొండచిలువ మింగిందని నువ్వే చెప్తివి. డప్పును గాలి కొడ్తున్నదని గూడ నువ్వే చెప్తివి. ఇగ నేను లోపటికెందుకు పోవాలె? గుహ మూతికాడ ఎండుటాకులేసి పొగ బెడ్త. పాము బయటికొస్తది. అయిపాయె."

ఆట ఏడు నిమిషాల్లో ముగిసింది. నేను చేసిన పని నాకు అప్పుడు కనిపించింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవన్నీ మొదటి పేరాలోనే పెట్టేశాను. వార్త అలాగే రాయాలి. చోటు చాలకపోతే డెస్కులో కింది నుంచి కత్తిరిస్తారు కనుక ముఖ్యమైనది పైనే ఉండాలి. పదిహేనేళ్ళ అలవాటు గుహలోకి కూడా నా వెంటే వచ్చింది.

"నువ్వు గుహల ఎప్పుడన్న దూరినవా?" అని అడిగాడు మల్లేశ్. లేదన్నాను. బండి తిప్పాడు. కందుకూరు దారిలో, అతను చిన్నప్పుడు మేనత్త ఊళ్ళో మేకలు కాసిన గుట్టకు తీసుకెళ్ళాడు. పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, కింద ఒక బొరియ. పాక్కుంటూ దూరాం. నేను టార్చి వేశాను.

"అది బంద్ చెయ్. కండ్లతోని ఏం జూస్తవ్? ముక్కు వెట్టు జర. గబ్బిలాల కంపు యాడ తక్కువైతదో, ఆడికెళ్ళి గాలి వస్తది. గాలి వస్తున్నదంటే అవతల ఇంకో తొవ్వ ఉన్నట్టు."

చీకట్లో కూర్చున్నాను. మొదట కంపు, తరువాత చెమట ఆరుతున్న చల్లదనం, తరువాత ఎక్కడో ఒక నీటిచుక్క. ఎడమ చెంపకు గాలి తగిలింది. రెండో దారి అక్కడ దొరికింది. ఇంటికొచ్చి పాత కాగితం చించేశాను. కొత్త కాగితంలో ప్రతి గదికీ ముందు వాసనో చప్పుడో రాసి, ఆ తరువాతే కంటికి కనిపించేది రాశాను. డప్పు ఎవరు కొడుతున్నారన్న జవాబు మల్లేశ్‌కు తెలిసిపోయింది కనుక వేరే జవాబు వెతికాను. అది దొరకడానికి మూడు రోజులు పట్టింది. అయిదో గది కింద రాసుకున్నాను.

ఆ మంగళవారం వసుంధర గారు మొదటిసారి మా వైపు కుర్చీలో కూర్చున్నారు. సామాను లారీ అప్పటికే వెళ్ళిపోయింది. నాలుగున్నరకు ఆఫీసు బండి వస్తుంది, అందులో రైల్వే స్టేషన్‌కు పోవాలి. కథలో మీరెవరు అని అడిగితే, అంతకుముందే అనుకుని వచ్చినట్టు, "గాజులమ్ముకునే మనిషిని," అన్నారు.

"కత్తి గిట్ల ఏం లేదా అక్కా?" అన్నాడు మల్లేశ్.

"కత్తి మీ దగ్గరుందిగా. గాజులు నా దగ్గరుంటాయి."

రెండో గదిలో నేను ఒక గొయ్యి రాసుకున్నాను. లోతెంతో రాయలేదు, పాచిక వేసి దూకుతారనో చుట్టూ తిరిగి పోతారనో అనుకున్నాను. ఆమె గొయ్యి అంచున ఆగారు. నిజంగానే తన చేతి గాజు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక గాజు లోపలికి వదిలాను. ఎంతసేపటికి చప్పుడు వినిపించింది?"

కాగితంలో దానికి జవాబు లేదు. చెప్పెయ్యాలన్న పాత తొందర నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుని, మనసులో పది లెక్కపెట్టాను. మల్లేశ్ ముందుకు వంగాడు.

"వినిపించలేదు," అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఏ సంపాదకుడూ నా రాతను ఆ చూపుతో మెచ్చుకోలేదు. "మల్లేశ్ గారూ, ఇంకో దారి వెతుకుదామండీ," అన్నారు మెల్లగా. ఆ గొంతులో భయం నిజమైనదే.

ఆ గొయ్యి దగ్గరే గంట గడిచింది. నేనే సాగనిచ్చాను. ఆమె సంబరం చూస్తూ గడియారం మరిచిపోయాను. నాలుగు దాటాక అయిదో గది ముందుకు చేరారు. ఆమె గింజల్లో ఏడు పళ్ళెంలో పడ్డాయి, మూడు మిగిలాయి. డప్పు చప్పుడు ఇప్పుడు గోడ అవతలే ఉంది.

"గాజులమ్మే మనిషి రాయి పక్కకు జరిపింది," అన్నారామె.

"లోపల..." అన్నాను నేను. పైన విమానం వచ్చింది.

ఈసారి నేను టైం చూసుకుని చేసింది కాదు. కిటికీ అద్దాలు అదిరాయి. మోత తగ్గేసరికి కింద ఆఫీసు బండి హారన్ వినిపించింది. అది విమానం మోతలోనే ఒకటి రెండుసార్లు కొట్టి ఉంటుంది. మల్లేశ్ ఆగలేకపోయాడు. "ఇగ చెప్పన్నా, జల్ది."

నేను నోరు తెరిచాను. వసుంధర గారు చెయ్యి చాపి నా కాగితం మీద బోర్లించారు.

"చెప్పకండి."

"ఒక్క వాక్యమే మేడం. అయిపోతుంది."

"అందుకే వద్దంటున్నాను. ఇన్నాళ్ళకు లోపలికొచ్చాను. ఒక్క వాక్యంతో బయటికి పంపేస్తారా?" మిగిలిన మూడు గింజల్నీ రుమాలులో కట్టి సంచిలో వేసుకున్నారు. గాజు తిరిగి చేతికి తొడుక్కున్నారు. మెట్ల దగ్గర ఆగి, "గొయ్యి చాలా బాగుందండీ," అన్నారు. అంతే. పళ్ళెం మాత్రం మాకే వదిలేసి వెళ్ళారు.

నేను ఆ తరువాత డెస్కుకు మారాను, ఊరి ఇంకో చివరకు ఇల్లు మారాను. ఇప్పటికీ వార్త వస్తే ముఖ్యమైనది మొదటి వాక్యంలోకే లాగుతాను. అది నా పని. ఎవరైనా ఎదురుగా కూర్చుని తన సంగతి చెప్పుకుంటూ మధ్యలో ఆగితే మాత్రం, ఆ ఖాళీని నా ప్రశ్నతో పూడ్చను. పది లెక్కపెడతాను. చాలాసార్లు వాళ్ళు చెప్పాలనుకున్నది ఆ పది తరువాతే వస్తుంది. కాగితం నా బీరువాలోనే మడతపెట్టి ఉంది. అయిదో గదిలో ఏముందో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మల్లేశ్ రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేస్తాడు. యోగక్షేమాలు అయ్యాక, ప్రతిసారీ అదే ప్రశ్న.

"అన్నా, ఇగనన్న చెప్పరాదు. గా డప్పు ఎవలు కొడ్తుండె?"

మా ఇంటి మీదుగా విమానాలు పోవు. అయినా అతనికి నేనెప్పుడూ ఒకే జవాబు చెబుతాను.

"విమానం పోనియ్ మల్లేశ్."