పెద్దాయన్ని కాదనడం

లీడ్స్‌లో నేను ఇంగ్లీషు చెప్పిన స్కూలు ఒక టేకవే, అంటే తిండి పొట్లం కట్టిచ్చే కొట్టు, పైన ఉండేది. మధ్యాహ్నం క్లాసు మొదలయ్యేసరికి కింద చేపలు వేగే వాసన మెట్లెక్కి పైకి వచ్చేది. తొంభైల చివర్లో ఆ క్లాసంతా కొరియా వాళ్ళే. మొదటి రోజు నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశారు. ఎవరూ రాలేదు. ఇంత దూరం వచ్చి, అంత ఫీజు కట్టి, గుంటూరు మనిషి దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడమేమిటని వాళ్ళకు అనిపించే ఉంటుంది. అయినా టీచర్ టీచరే. మర్నాటి నుంచి నేను గదిలోకి రాగానే అందరూ లేచి నడుం వంచేవారు. ఆ మర్యాద నాకు బాగానే ఉండేది. చిక్కంతా దానితోనే వచ్చింది.

నేను చెప్పాల్సింది కమ్యూనికేషన్ స్కిల్స్. వ్యాకరణం కాదు, మాట్లాడటం. ఎదుటి మనిషితో ఒప్పుకోనని చెప్పడం, ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పడం. మనం కొత్తవాళ్ళు కనబడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాం. కొరియా వాళ్ళు వయసు అడుగుతారు. అది తేలితేగాని ఎవరు ఎవరికి వంగాలో తెలియదు. తేలాక ఇక చర్చకు చోటుండదు. పెద్దవాళ్ళు తానా అంటే చిన్నవాళ్ళు తందానా.

క్లాసులో అందరికంటే పెద్దాయనకు నలభై దాటాయి. సియోల్‌లో బ్యాంకు ఉద్యోగం, అక్కడి ఆర్థిక సంక్షోభంలో పోయింది. ఇంగ్లీషు వస్తే ఇంకోటి దొరుకుతుందని వచ్చారు. అందరికంటే చిన్నది ఇరవయ్యేళ్ళ అమ్మాయి. ఆమెకు యూనివర్సిటీలో నర్సింగ్ సీటు ఇస్తామన్నారు, కాకపోతే ముందు మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక విషయం మీద వాదించుకోమంటారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ విని మార్కులు వేస్తారు. ఆ విడతకు మా స్కూలు నుంచి పేర్లిచ్చింది ఈ ఇద్దరే. కాబట్టి జోడీ మార్చే వీలు లేదు.

ప్రాక్టీసుకని వాళ్ళిద్దరికీ ఊరికి బస్సులు మేలా, రైళ్ళు మేలా అని ఇచ్చాను. ఆయన బస్సులన్నారు. అవును, బస్సులే అంది ఆ అమ్మాయి. ఈసారి ఆయన్ని రైళ్ళ పక్షాన మాట్లాడమన్నాను. అవును, రైళ్ళే అంది. నీకేమనిపిస్తోందో చెప్పమ్మా అంటే, ఆయన చాలా బాగా చెప్పారంది. నాకు ఒళ్ళు మండేది. పెద్దల మాట చద్దిమూటే, కాదనను. ఆ మూట పట్టుకుని పరీక్షకు వెళితే మాత్రం సీటు పోతుందని ఆయన ముందే చెప్పేశాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకున్నాను. "నువ్వు మా అమ్మ మాట ఎప్పుడన్నా కాదన్నావా ఏంటి? పాపం, ఆ పిల్లనెందుకు రాచి రంపాన పెడతావ్?" అన్నాడు. ఆయనకు కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్లతో పని. అవి ఎలాగూ ఎదురు చెప్పవు.

పరీక్ష రోజు నేను గది బయట కూర్చున్నాను. ముందు ఆ అమ్మాయి బయటికి వచ్చింది, ముఖం కందగడ్డలా చేసుకుని. ఊరికి ఆస్పత్రి కట్టాలా, ఆటలకు హాలు కట్టాలా అన్నది వాళ్ళకిచ్చిన విషయం.

"ఆయన ఆస్పత్రి ఎందుకన్నారు టీచర్. ముసలివాళ్ళను ఇంట్లో కోడళ్ళు చూసుకోవాలట. నర్సు పని మంచి ఇంటి ఆడపిల్లలు చేసేది కాదట."

"నువ్వేమన్నావు?"

"తప్పన్నాను. ఎగ్జామినర్ ఇక చాలనేదాకా అంటూనే ఉన్నాను."

ఇద్దరూ పాసయ్యారు, ఆమెకు మార్కులు ఎక్కువ. కానీ ఆ రోజు నుంచి ఆమె ఆయన్ని చూసి లేవడం మానేసింది. ఆయన పలకరిస్తే పుస్తకంలోకి చూసేది. మిగతా వాళ్ళు ముందు విస్తుపోయారు, తర్వాత సంగతి తెలిసి వాళ్ళూ ఆయనకు కొంచెం ఎడంగా కూర్చోసాగారు. నాకూ ఆయన మీద కోపంగానే ఉంది. ఒకరోజు బస్‌స్టాప్‌లో ఒంటరిగా కనబడితే పరీక్షలో అలా ఎందుకన్నారని అడిగేశాను.

"మా అక్క నర్సు," అన్నారు. "జర్మనీ వెళ్ళి పనిచేసింది. తను పంపిన డబ్బుతోనే నేను చదువుకున్నాను."

"మరి ఆ మాటలేమిటి?"

"మామూలుగా మాట్లాడితే ఆ అమ్మాయి నన్ను కాదనదని మీకూ తెలుసు."

 పరీక్ష అయిపోయింది కదా, ఇప్పుడు చెప్పేయండి, మీరు చెప్పలేకపోతే నేను చెబుతానన్నాను.

"వద్దు టీచర్. చెబితే పరుగున వచ్చి క్షమించమని వంగుతుంది. ఇక ఏ పెద్దవాళ్ళ ముందూ నోరెత్తదు. రేపు వార్డులో పెద్ద డాక్టరు పొరబాటున తప్పు మందు రాస్తే ఎవరు కాదనాలి?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కేశారు. నాకు ఆయన మీద జాలి వేసింది, అంతకంటే ఎక్కువ గౌరవం కలిగింది. ఎవరికీ చెప్పుకోలేని గౌరవం అది.

కోర్సు చివరి రోజు అందరూ టీ తాగుతుండగా ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఈసారి నడుం వంచలేదు, నిటారుగా నిలబడింది.

"టీచర్, ఒక మాట చెప్పాలి. ఆయన ఎలాంటి మనిషో చూసుకోకుండా నన్ను ఆయనతో పరీక్షకు పంపారు. మీరు చేసింది తప్పు. మీరు ఒప్పుకోకపోయినా నేను అదే అంటాను."

 ఆయన రెండు కుర్చీల అవతలే ఉన్నారు, అంతా వింటూ. నా వైపు చూశారు. నిజం నా నాలుక చివరే ఉంది.

"నువ్వన్నది నిజమేనమ్మా," అన్నాను.

ఆమె కోటు తొడుక్కుని, ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుని, ఆయన పక్క నుంచే పలకరించకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.