కాఫీ గోడౌనులో రుబీడియం

మా మాస్టారికి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. అది ఇల్లు కాదు, పదవి కాదు, విదేశీ ప్రయాణం అసలే కాదు. బరువైన కేంద్రకం ఒకటి తేలికపాటి కేంద్రకం కంటే చిన్నదిగా ఉండటాన్ని, తన చేత్తో కట్టిన పరికరంలో, తన కళ్లతో చూడాలి. ఈ కోరిక సంగతి మొదటిసారి చెప్పినప్పుడు వాళ్లావిడ చాలాసేపు ఆలోచించి, పోన్లెండి, ఖర్చు తక్కువదే అన్నారట.

పరమాణువు నడిమధ్యన ఉండే కేంద్రకం ఎంత చిన్నదంటే, దాని ముందు ఆవగింజ సింహాచలం కొండ. రుబీడియం అనే లోహంలో ఈ కేంద్రకాలు ప్రకృతిలో రెండు రకాలుగా దొరుకుతాయి. ఇద్దరు అన్నదమ్ములనుకోండి. తమ్ముడి కంటే అన్నలో రెండు న్యూట్రాన్లు ఎక్కువ. తిండి పెరిగితే పొట్ట పెరగాలి కదా, ఆ సూత్రానికి ఈ వయసులో నేనే నడిచే రుజువును. ఈ అన్నగారు మాత్రం రెండు న్యూట్రాన్లు అదనంగా మింగి, నడుం బిగించి, తమ్ముడి కంటే వెంట్రుకవాసి సన్నగా తయారయ్యాడు. లోపల న్యూట్రాన్లకు ఒక వరస పూర్తిగా నిండిపోవడం వల్ల అలా బిగుసుకుంటుందని మాస్టారు చెప్పేవారు. చెబుతూ తన బెల్టు ఒక రంధ్రం బిగించి చూపించేవారు. ఆయన ప్యాంటు జారకుండా నిలబడింది భౌతికశాస్త్రం వల్లేనని మా బ్యాచి మొత్తం నమ్మకం.

కుర్రతనంలో ఆయన ఆ నడుం కొలతను మరో దారిలో తీయబోయారు. ఎక్కడో ఒక పెద్ద యంత్రం దగ్గర, కేంద్రకాల మీదికి రేణువుల్ని విసిరి అవి ఎటెటు చెదిరాయో లెక్కగట్టారు. చీకటి గదిలో కూర్చున్న మామయ్య మీదికి నిమ్మకాయలు విసిరి, అవి ఎగిరిపడిన తీరుని బట్టి ఆయన పొట్ట ఎంతో చెప్పడం లాంటిది. పొట్ట చెప్పొచ్చు. కానీ మామయ్య నిన్న భోజనం చేశాడా లేదా అనేది నిమ్మకాయలతో తేలదు. మాస్టారి గ్రాఫులో అన్నదమ్ముల తేడా కంటే కొలతలో దొర్లే తప్పే పెద్దది. అయినా ఆయన సెమినారులో లేచి, తేడా కనిపిస్తోందని చెప్పారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నీకు కనిపిస్తోందేమోనయ్యా, నీ కళ్లు కుర్రవి అన్నాడట. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆయన చెవుల్లో ముప్పై ఏళ్లు నిలవుంది.

తర్వాత ఇతర దేశాల వాళ్లు లేజరుతో ఆ తేడాని తేల్చేశారు. లేజరు దారి వేరు. మామయ్య జోలికి వెళ్లకుండా, ఆయన చుట్టూ కూర్చున్న చుట్టాలు ఎంత జరిగి కూర్చున్నారో చూస్తుందది. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు మింగే వెలుగు రంగు, లోపలి కేంద్రకాన్ని బట్టి రవ్వంత జరుగుతుంది. ఆ జరుగుడులో చాలా భాగం బరువు వల్ల. అది తీసేస్తే మిగిలే చిటికెడు సైజు వల్ల. ఆ వ్యాసం చదివిన రోజు మాస్టారు, అప్పటికి ఎమ్మెస్సీలో ఉన్న మా అందరికీ ఉప్మా పెట్టించారు. తనను నవ్వులపాలు చేసిన మాట నిజమైందని సంతోషం. దాన్ని చూసిన కళ్లు ఎవరివో అయ్యాయని దిగులు. ఉప్మాలో ఉప్పు లేదు, ఎవరూ అడగలేదు.

తొంభైల నడుమ నేనాయన దగ్గర రీసెర్చి స్కాలరుగా చేరేసరికి ఆయన రిటైర్మెంటు ముంగిట్లోకి వచ్చేసింది. లేజరు కొనడానికి డిపార్టుమెంటులో డబ్బు లేదు. విశాఖ హార్బరు దగ్గర పాత సామాన్ల కొట్లో చచ్చిపోయిన సీడీ ప్లేయరు ఒకటి కొని, దాని గుండె పీకి, మాస్టారు లేజరు కట్టారు. పాటలు చదివే ఆ దీపం రంగు, రుబీడియం మింగే రంగు దాదాపు ఒకటే కావడం మా పూర్వజన్మ సుకృతం. కంటికి ఆనీ ఆనని ఎరుపు. చిన్న గాజుగొట్టంలో రుబీడియం ఆవిరి, ఎదురుగా ఈ దీపం, పక్కన ఒక పాత ఆసిలోస్కోపు. దాని తెర మీద పచ్చటి గీత పాకుతూ, రంగు కుదిరిన చోట గుంట పడేది.

చిక్కల్లా ఆ లేజరు సున్నితం. పక్కింటి వాళ్లు పప్పు రుబ్బితే దానికి జ్వరం వచ్చేది. మా ల్యాబు పక్కనుంచి పోర్టు లారీలు పోతుంటే పచ్చగీత పూనకం పట్టినట్టు ఊగేది. నిలకడగా ఉన్న నేల కావాలి, పొద్దున మొదలుపెడితే పొద్దువాలేదాకా కదలకుండా.

అప్పుడు మాస్టారికి అరకు దారిలోని అనంతగిరి గుర్తొచ్చింది. అక్కడ ఆయన పాత శిష్యుడికి కాఫీతోట ఉంది. వానాకాలమంతా ఖాళీగా ఉండే రాతి గోడౌను, దాని ముందు గింజలు ఆరబెట్టే సిమెంటు కళ్లం. కోతలు మొదలయ్యేదాకా వాడుకోండి అన్నాడతను. కొండలు, చల్లదనం, నిశ్శబ్దం. ముగ్గురు పిల్లల్ని పెంచినంత జాగ్రత్తగా పెట్టెలు కట్టి, కిరండోల్ ప్యాసింజరెక్కాం. సొరంగాలన్నీ దాటుకుంటూ, ఒళ్లో లేజరు పెట్టుకుని, ఎంత నిశ్శబ్దం రా అని ఆయన మురిసిపోతూ వచ్చారు. మేమెక్కిన ఆ పట్టాల మీదే బస్తరు నుంచి ఇనుపరాయి మోసుకుని గూడ్సు బళ్లు దిగుతాయన్న సంగతి మా ఇద్దరి బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఎదురొచ్చిన గూడ్సు కోసం మా బండి దారిలో గంటసేపు ఆగింది కూడా. ఆ గంటా మేం నిశ్శబ్దం గురించే మాట్లాడుకున్నాం.

గోడౌనుకి రైలుకట్ట ఎంత దగ్గరంటే, డ్రైవరు తుమ్మితే మేం చిరంజీవ అనేవాళ్లం. ఇనుపరాయి బండి ఒక్కటి దిగితే కొండ మొత్తం మోకాళ్ల వాతం వచ్చిన ముసలమ్మలా వణికేది. దిగింది వెళ్లేసరికి ఖాళీది ఎక్కేది. మాస్టారు లేజరు కింద సైకిలు ట్యూబులు పెట్టారు, ఇసుక బస్తాలు పెట్టారు, చివరికి తన పరుపు పెట్టి తాను నేల మీద పడుకున్నారు. లేజరుకి నిద్ర పట్టలేదు, ఆయనకీ పట్టలేదు.

మాకు వండిపెట్టడానికి పక్క గూడెం నుంచి ఒక ముసలామె వచ్చేది. ఆ కళ్లంలో ఏళ్ల తరబడి ఆమె చేతుల మీదే కాఫీ ఆరింది. లోపల మేం చేసేది చూసి ఆమెకు ఒకటే అనుమానం.

"ఏటి బావూ, పగలంతా దీపం ఎలిగించి దాని ముందు కూకుంటారు. దీపానికేటి, పారిపోద్దా?"

మాస్టారు ఆమెకు నిమ్మకాయలూ మామయ్యా కథంతా చెప్పారు. ఆమె శ్రద్ధగా విని, అయితే మీ మామ సన్నబడ్డాడో లేదో సూడ్డానికి ఇంత దూరం వచ్చారా అంది. అవునన్నారాయన. వైద్యుడికి సూపించండి అని సలహా ఇచ్చి పొయ్యి దగ్గరికి పోయింది. నా మీదైతే ఆమెకి బొత్తిగా నమ్మకం లేదు. ఆ గుంటడు తినడానికే వచ్చినాడు అని మాస్టారితో అనేది. అప్పట్లో నేను వెదురుబద్దలా ఉండేవాణ్ని. ఆమె చూపు భవిష్యత్తు మీద ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ ఏడు వాన ఆకాశానికి చిల్లుపడినట్టు కాదు, ఆకాశమే జారిపడినట్టు కురిసింది. వారం తిరక్కుండా కొండచరియలు విరిగి పట్టాల మీద పడ్డాయి. బళ్లు ఆగిపోయాయి. కరెంటూ పోయింది. మర్నాడు పొద్దున వాన వెలిసేసరికి నేను పుట్టాక ఎన్నడూ వినని నిశ్శబ్దం. ఆకు మీంచి బొట్టు జారితే ఎటు జారిందో చెప్పొచ్చు. మాస్టారు గడపలో నిలబడి చెయ్యి పైకెత్తారు, నన్ను ఊపిరి పీల్చవద్దన్నట్టు.

అరకు సంతలో మైకుసెట్టు అద్దెకిచ్చే అతన్ని బతిమాలి, లారీ బ్యాటరీలూ ఇన్వర్టరూ జీపులో తెప్పించాం. పట్టాలు మర్నాటికి బాగుచేసేస్తారని కబురు కూడా ఆ జీపు డ్రైవరే తెచ్చాడు. అంటే ఉన్నది ఆ ఒక్క పగలే. కొద్ది వారాల్లో కాఫీ పళ్లు కోతకొస్తాయి, గోడౌను వదిలెయ్యాలి. ఆ తర్వాత ఆయన రిటైరవుతారు, సామాను స్టోర్సుకి అప్పగించాలి.

లేజరు వెలిగించాం. పచ్చగీత మొదటిసారి గీతలా నిలబడింది. మాస్టారు మీట పట్టుకుని, రంగుని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వచ్చారు. మధ్యాహ్నానికి తమ్ముడి గుంట తెర మీద పడింది. ఎంత నున్నగా పడిందంటే, దానిలో నీళ్లు పోసి తాగొచ్చు. దాని స్థానం ఆయన రాసుకున్నారు. ఇక అన్నగారి వంతు. ఆ రెంటి మధ్య దూరం దొరికితే ఆయన జీవితం లెక్క తేలినట్టే. అన్నగారి దగ్గరికి చేరడానికి మరో నాలుగైదు గంటలు పాకాలి.

అప్పుడొచ్చింది ముసలామె. తలకి నూనె రాసుకుని, కొత్త చీర మోకాళ్ల మీదికి బిగించి కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని. వెనకాల కళ్లంలో గూడెం ఆడవాళ్లు చేరుతున్నారు. డప్పులు ఎండకి కాగుతున్నాయి.

విషయం ఇది. ఆ రోజు వాళ్లకి కొర్ర కొత్త పండగ. కొండపోడులో కొర్రలు కోసి రోజులైంది. కానీ వాళ్ల దిసారి, అంటే మంచిరోజు చెప్పే పెద్ద, చెప్పిన నాడు దేవతకు పెట్టి, ధింసా ఆడితే గాని ఆ గింజ నోట పెట్టరు. దిసారి పెట్టిన రోజుల్ని వాన మింగేస్తూ వచ్చింది. అందాకా గూడెమంతా మామిడి టెంకల పిండితో అంబలి తాగుతోంది. ఆ కొండవాలులో చదునుగా ఉన్న చోటల్లా ఆ కళ్లం ఒక్కటే, పండగాట ఎప్పుడూ అక్కడే. మా లేజరు బల్ల కూర్చున్నది ఆ సిమెంటుకి కొనసాగింపు మీదే.

ఆమె తెరవైపు ఒకసారి, మాస్టారి ముఖంవైపు ఒకసారి చూసింది.

"బాబుగోరూ, మీ దీపానికి అడుగుల సప్పుడు పడదు గదా. మీరు వద్దంటే దిసారినడిగి ఇంకో రోజు సూడమంటాం. అమాస ఎల్లాలి మరి."

మీట మీద మాస్టారి వేళ్లు అలాగే ఉన్నాయి. అమావాస్య దాకా పిల్లలకి ఏం పెడతారని అడిగారు. ఆమె నవ్వింది. టెంకపిండి అంబలి మేమూ ఒకపూట రుచి చూశాం. నాలుకకి తారు రాసినట్టుంటుంది.

"ఆడుకోండమ్మా," అన్నారు మాస్టారు. "బేగి మొదలెట్టండి, మళ్లీ వానొస్తుంది."

ఆమె వెళ్లాక ఆయన మీట వదల్లేదు. డప్పు మోగేలోగా కాస్తయినా ముందుకు పోదామని పాకిస్తూనే ఉన్నారు. అవతల ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసకట్టారు. మొదటి అడుగు పడింది. పచ్చగీత ఉలిక్కిపడింది. రెండో అడుగుకి లేచింది. ఆ తర్వాత గీత ధింసాయే ఆడింది, తాళం తప్పకుండా, వంగినప్పుడు వంగి, తిరిగినప్పుడు తిరిగి. మాస్టారు కొంతసేపు చూసి అన్నారు:

"ఒరేయ్, ఈ గ్రాఫు ఎవరికైనా చూపిస్తే ఇది కేంద్రకం కాదు, కాళ్లని చెప్పు."

నవ్వుదామని నా ముఖం తయారైంది గాని ఆయన నవ్వలేదు. స్విచ్చి ఆర్పేశారు. పొద్దువాలాక ముసలామె అడ్డాకుల్లో కొత్త కొర్రన్నం, కోడికూర తెచ్చింది. ఆయన ముద్ద కలుపుతూ, ఆట చూస్తూ తిన్నారు. ఆట రాత్రంతా సాగింది. మర్నాటికి పట్టాలు బాగయ్యాయి. తెల్లారకుండానే ఇనుపరాయి బండి కొండని కుదిపింది.

ఆ తర్వాత ఇంకెప్పుడూ బళ్లు ఆగలేదు. కాఫీ పళ్లు ఎర్రబడ్డాయి, మేం దిగిపోయాం. ఆయన రిటైరయ్యారు. సీడీ ప్లేయరు గుండెని స్టోర్సు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆయన ఉన్నన్నాళ్లూ వెళ్లేవాణ్ని. ఒకసారి వరండాలో కూర్చుని ఉండగా, తనకు తానే మాట్లాడుకుంటున్నట్టు అన్నారు.

"ఆ అమ్మని ఇంకో నాలుగు గంటలు ఆగమని అడగాల్సిందిరా. అమావాస్య దాకా కాదు, నాలుగు గంటలు. దివిటీలు పెట్టుకుని ఆడేవాళ్లు. అది నాకు తోచలేదు చూడు."

నాకూ తోచలేదని చెప్పాను. ఇద్దరం పెద్ద చదువులు చదివినవాళ్లం. ఆగమంటే అమావాస్య, ఆడమంటే ఇప్పుడే అనుకున్నాం. మధ్యలో ఒక సాయంత్రం ఉంది. ఆమెని అడిగితే నవ్వి, మీ మామ కోసం ఆగలేమా అనేదేమో. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాతి శీతాకాలంలో పోయారు.

రెండువేల సంవత్సరం దాటాక, కాలేజీ పని మీద ఒక పెద్ద ల్యాబుకి వెళ్లాను. గాలి మీద తేలే బల్ల, దాని మీద ఏనుగు గెంతినా కదలని లేజరు. కుర్రవాళ్లకి అభ్యాసం కోసం అదే రుబీడియం పెట్టారు. అక్కడి అమ్మాయి ఒకామె మీట తిప్పింది. నాకిచ్చిన టీ చల్లారకముందే తమ్ముడూ అన్నా పక్కపక్కన తెర మీదికొచ్చారు. కంప్యూటరు బరువు వల్ల వచ్చిన జరుగుడు తీసేసి, మిగిలిన చిటికెడు చూపించింది. అన్నగారు నిజంగానే సన్నం.

ఆ అమ్మాయి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి, బెల్టు ఒక రంధ్రం బిగిద్దామని చూశాను. వదులు చేసుకుంటూ వచ్చి అప్పటికే ఆఖరి రంధ్రంలో ఉన్నాను, పొట్ట ఒప్పుకోలేదు. టీ చల్లారిపోయింది. ఆ తెర ముందు నిలబడవలసినవాడు నేను కాదు.